సన్న లాప్‌టాప్‌ను ఎంచినదెవరు

నన్ను ఎవరైనా లాప్‌టాప్ గురించి సలహా అడిగితే నాకు ముందు పుట్టేది రోత. అడిగినవాళ్ళ మీద కాదు, ఆ సరుకు మీద. తక్కువ ధర లాప్‌టాపుల్లో వేసే ప్రాసెసర్లకు పెట్టే పేర్లంత నీచమైన పేర్లు నేను మరే సరుకులోనూ చూడలేదు. పాత చిప్పుకు కొత్త అంకె తగిలించి, అంకె పెద్దది కాబట్టి పని కూడా పెద్దదని నమ్మిస్తారు. ఆ అంకెల చివర ఒక అక్షరం ఉంటుంది. అసలు సంగతి చెప్పేది అదొక్కటే: ఈ చిప్పుకు కరెంటు కడుపునిండా పెడతారా, పస్తు పెడతారా అని. దాన్ని మాత్రం డబ్బా అడుగున, వేలితో తడిమి వెతుక్కోవలసినంత చిన్నగా అచ్చువేస్తారు. నా ఉద్యోగం కూడా ఇదే. మదనపల్లెలో ఇంట్లో కూర్చుని, కంపెనీ పంపే లాప్‌టాపులను గంటల తరబడి వేడెక్కించి, ఎప్పుడు కుంటడం మొదలుపెడతాయో చూసి రిపోర్టు రాస్తాను. ఆ కాలిన ప్లాస్టిక్ వాసన సాయంత్రానికి నా అన్నంలో కూడా తగులుతుంది.

పోయిన ఆదివారం ఇంతియాజ్ వచ్చాడు. కుప్పంలో కాలేజీ విడిచాక అతను మా ఇంటికి రావడం ఇదే మొదలు. పుంగనూరులో మోటారు పంపుల అంగడి పెట్టుకున్నాడు. ఎవరి పెళ్ళిలోనో ఎదురైతే బాగుండావా అంటే బాగుండావా అనుకుని, భోజనాల దగ్గర చెరో బంతిలో కూర్చునేవాళ్ళం, అంతే. వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, సెల్‌ఫోన్‌లో రెండు ఫోటోలు తెరిచి నా ముందు పెట్టాడు.

"ఒక సంగతి అడగల్లప్పా. నవ్వబాక."

"చెప్పు."

"గేమ్ ఆడుకునేదానికి ఒక ల్యాప్‌టాప్ ఎత్తుకోవల్లనుకుంటాండా. పిల్లోల్లకి కాదు, నాకే. ఈ రెండిట్లో ఏది బాగుంటాది?" అని, నేను ఫోను అందుకోగానే నవ్వుతూ అన్నాడు: "నీకు అన్నీ తెల్సు గదా. ఒక్క నీ ల్యాప్‌టాప్ దగ్గరే తెలివి పనిసెయ్యలేదు గానీ."

లోపలి గదిలో మా నాయన ఉన్నాడు. కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. నేను ఆ తలుపు వైపు ఒకసారి చూసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను. నాకు టీ మీద ధ్యాస లేదు. ఆ ఒక్క మాటను నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, అది మా నాయన చెవిలో పడిందా లేదా అన్నదే నా ఆదుర్దా.

డిప్లొమా చదివినన్నాళ్ళూ నేను ఇదే మదనపల్లెలో చిన్నాయన ఇంట్లో ఉన్నాను. చిన్నాయన టమాటా మార్కెట్టులో ఒక మండీలో గుమాస్తా. ఆ ఇల్లు అనగానే నాకు వాసన గుర్తొస్తుంది. కుళ్ళిన కాయల పులుపు, లారీల డీజిలు, తడిసిన గడ్డి కలిసి గాలిలో వచ్చేవి. అది చొక్కాలకు పట్టి, పుస్తకాలకు పట్టి, తలగడకు కూడా పట్టేది. చిన్నాయన ఇంటికొస్తూ పగిలిన కాయలు సంచిలో వేసుకొచ్చేవాడు. వాటిని పారేయడం చిన్నమ్మ దృష్టిలో పాపం. పొద్దున సంగటిలోకి టమాటా ఊరిబిండి పచ్చడి, మధ్యాహ్నం టమాటా పప్పు, రాత్రికి టమాటా చారు. బూజు పట్టిన పక్కను కత్తితో కోసి పారేసి, మిగిలిన పక్కను కడిగి వండేది. "ఆ పక్కకీ ఈ పక్కకీ సంబంధం లేదులేరా" అనేది. చిన్నాయన తెల్లవారకముందే పెరట్లో నిలబడి గొంతు కడుక్కునేవాడు. ఆ శబ్దం గొంతులో మొదలై కడుపులోకి దిగి, మళ్ళీ పైకి వచ్చేది. ఎనిమిది ఇళ్ళ వాళ్ళు దానితోనే లేచేవాళ్ళు. మనుషులంటే నాకు ప్రేమ లేదని కాదు గానీ, మనుషుల శరీరాలు చేసే శబ్దాలంటే నాకు అప్పటినుంచే పడదు.

ఆ ఇంటినుంచి తప్పించుకోవడానికి ఉన్న ఒకే చోటు నెట్ సెంటర్. అది కూడా శుభ్రమైన చోటేం కాదు. కీబోర్డు మీటల సందుల్లో బొరుగుల ముక్కలు, ఎవరివో కొరికి ఊసిన గోళ్ళు ఉండేవి. హెడ్‌ఫోను చెవికి పెట్టుకుంటే, అంతకుముందు కూర్చున్నవాడి తలనూనె చెవికి చల్లగా తగిలేది. నేను ఇంటినుంచి తడిగుడ్డ తీసుకుపోయి, తుడుచుకుని కూర్చునేవాణ్ణి. ఆ గుడ్డను చూసి నవ్వినవాడు ఇంతియాజ్. నవ్వి, తన కీబోర్డును కూడా నా వైపు తోసి, "దీన్ని గూడా తుడువప్పా, పుణ్యముంటాది" అన్నాడు. అలా మొదలైంది. మేము ఆడింది ఇద్దరిద్దరు జట్లుగా ఆడే తుపాకుల ఆట. అతను ముందు దూకేవాడు, నేను వెనక నిలబడి కాచేవాణ్ణి. అతనికి తెగింపు ఉంది, లెక్క లేదు. నాకు లెక్క ఉంది, తెగింపు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మంచి ఆటగాడు అయ్యేవాళ్ళం.

ఇద్దరికీ కుప్పంలో ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఇంతియాజ్‌కు బెంగుళూరులో ఉన్న వాళ్ళ బావ తాను వాడిన లాప్‌టాప్ ఇచ్చాడు. లావుపాటిది, ఇటుకలాంటిది, కానీ ఆటకు పనికొచ్చేది.

"ఇంక నీదే బాకీ. నువ్వు గూడా ఎత్తుకున్నావంటే హాస్టల్లో మన ముందర ఎవుడూ నిలబడడు" అన్నాడు.

"మా నాయన కొనిచ్చేది ఒక్కటే. తప్పు కొన్నామంటే కాలేజీ అయిపోయేదాకా అదే గతి" అన్నాను.

"నువ్వు ఎంచితే తప్పు పోతాదా? నీ జతకే ఆడతా, ఇంకెవునితో ఆడను. మాట ఇచ్చినా, పో."

ఆ వేసవంతా నేను ప్రాసెసర్ల గురించి చదవడం తప్ప మరేమీ చెయ్యలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం మా అందుబాటులో లేదు. కాబట్టి బొమ్మలు గీసే పని కూడా ప్రాసెసరే చెయ్యాలి. అలాంటప్పుడు చూడవలసినవి ఈ వరసలో ఉంటాయి. మొదటిది, ప్రాసెసర్ లోపల ఉండే గ్రాఫిక్స్ భాగం ఎంత గట్టిది. రెండోది, దానికి ఎంత కరెంటు తాగే అనుమతి ఉంది, ఆ వేడిని బయటికి తోసే ఫ్యాను ఉందా. మూడోది, మెమరీ ఒకే ముక్కగా ఉందా, రెండు ముక్కలుగా ఉందా. రెండైతే బొమ్మలకు దారి వెడల్పవుతుంది. డబ్బా మీది అంకె, రంగు, సన్నదనం అన్నీ దీని తరవాతే. ఈ కొలతలకు మదనపల్లెలో ఒకే ఒక్క లాప్‌టాప్ నిలిచింది. నల్లది, లావుది, చూడ్డానికి అంట్లు తోమే బండలా ఉంటుంది. దాని పక్కనే అదే ధరకు ఒక వెండి రంగు సన్నది ఉండేది. దాని మీద కొత్త అంకె, లోపల ఫ్యాను కూడా లేని పస్తుల చిప్పు. ఆ అంగడికి వచ్చినవాళ్ళంతా సన్నదాన్నే చేతిలోకి తీసుకుని నిమిరేవాళ్ళు. ఆ వేలిముద్రల జిడ్డును చూస్తే నాకు వాంతి వచ్చేది.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. పుంగనూరు దగ్గర మా పల్లె. వర్షం వస్తే వేరుశెనగ, రాకపోతే పాలు. ఇవి రెండూ కాక ఆయనకు ఒక పేరుంది. సంతలో పశువును ఎంచడంలో ఆయన చెయ్యి తప్పదని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి వెంట తీసుకుపోయేవాళ్ళు. ఆయన దేన్నైనా అరచేత్తో తెలుసుకునేవాడు. గోడను, గుమ్మడికాయను, జ్వరం వచ్చిన బిడ్డను, ఆగిన బస్సు ఇంజనును కూడా చెయ్యి ఆనించి చూసేవాడు. ఆ చెయ్యి ఎప్పుడూ వేపనూనె, పులిసిన పాల వాసన కొట్టేది. నన్ను చిన్నప్పుడు సంతకు తీసుకుపోయేవాడు. దళారులు పొగాకు నములుతూ, ఊస్తూ, ఆ వేళ్ళతోనే ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూపించేవాళ్ళు. తరవాత అవే వేళ్ళతో నా బుగ్గ గిల్లేవాళ్ళు.

సంతలో ఆయన నాకు నేర్పిన నియమాలు మూడు. ఒకటి, కావలసిన పశువు ముఖంలోకి చూడకూడదు. రెండు, అమ్మేవాడి ముందు అక్కర్లేనిదాన్ని పొగడాలి. మనకు అదే కావాలని అతను నమ్మి దాని ధర పట్టుకుని వేలాడతాడు, అప్పుడు అసలుదాన్ని తోక విదిలించినట్టు తేలిగ్గా అడగాలి. మూడు, బేరం తువ్వాలు కింద, వేళ్ళతో జరుగుతుంది, పక్కవాళ్ళకు కనబడదు. ఒకసారి చెయ్యి విడిచాక, ఆ మరుక్షణమే పశువు కుంటిదని తెలిసినా వెనక్కి పోకూడదు. రెండో నియమంలో నాకు ఒక ఉద్యోగం ఉండేది. అక్కర్లేని గిత్త మెడ పట్టుకుని "ఇదే కావాల నాయినా" అని ఏడవాలి. నేను బాగా ఏడ్చేవాణ్ణి. ఆ గిత్త మెడకు అంటిన పేడ, చీమిడి నా చొక్కాకు అంటేది కాబట్టి ఆ ఏడుపు సగం నిజమే.

లాప్‌టాప్ కొనే రోజు పాల వ్యాను ఆలస్యమై, నాయన బస్సు దిగి నేరుగా అంగడికే వచ్చాడు. ఏది కొనాలో ముందే చెబుదామని నేను రోడ్డు మీదే మొదలుపెట్టాను. "అంగట్లో మాట్లాడుకుందాం రా, యాలౌతాండాది" అని లోపలికి దారి తీశాడు. అంగడి యజమాని పెద్దాయన, బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. సరుకు చూపించే అతను రెండు లాప్‌టాపులనూ తెచ్చి పెట్టాడు. నేనే అడిగి లావుదానిలో గేమ్ వేయించాను. రెండు నిమిషాలకు ఫ్యాను లేచింది. పక్క సందులోంచి వేడిగాలి కొట్టింది. నాయన ఆ సందు దగ్గర అరచెయ్యి పెట్టాడు. తరవాత అంగట్లో అందరూ చూస్తుండగా వంగి, చెవి ఆనించాడు. నాకు సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

"ఇది రొప్పుతాండాదే" అన్నాడు.

"అది రొప్పడం కాదు నాయినా. లోపల వేడిని బయటికి తోస్తాండాది. అదే దీని బలం."

నాయన తలెత్తి నన్ను చూశాడు. మీసం చివర చిన్న నవ్వు కదిలింది. ఆయనకు అర్థమైందని నాకు సంతోషం వేసింది. ఇంక ఆగలేదు. గ్రాఫిక్స్ గురించి చెప్పాను, కరెంటు గురించి చెప్పాను, రెండు ముక్కల మెమరీ గురించి చెప్పాను. ఈ ఊళ్ళో దీన్ని మించింది లేదన్నాను. ఒక్కొక్క మాటకూ నాయన తల ఊపాడు. చివరికి, ఏదో గుర్తొచ్చినట్టు, చెయ్యి సన్నదాని మూత మీద ఆనించి అడిగాడు: "మరి ఇది?"

"అది వద్దు నాయినా. పేరుకే కొత్తది. దాంట్లో ఏమీ లేదు."

"సరే సరే" అన్నాడు నాయన, పళ్ళు కనబడేలా నవ్వి. భుజం మీది తువ్వాలు తీసి యజమాని వైపు చాచాడు. సరుకు చూపించే అతను తెల్లబోయాడు గానీ, యజమాని నవ్వి, కుర్చీలోంచి లేచి, "ఎన్ని దినాలైందప్పా దీన్ని సూసి!" అంటూ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. వేళ్ళు కదిలాయి. నాయన ఎడమచెయ్యి మాత్రం సన్నదాని మూత మీదే ఉంది. నిలబడటానికి ఆనుకున్నాడనుకున్నాను. చేతులు విడిపోయాయి. "కట్టండప్పా" అన్నాడు నాయన. సరుకు చూపించే అతను సన్నదాని డబ్బా బల్ల మీద పెట్టాడు. నేను నోరు తెరిచేలోపల నాయన నా భుజం నొక్కాడు. సంతలో ఆ నొక్కుకు అర్థం, గేటు దాటేదాకా మాట్లాడకని. నా చేతకానితనం చూడండి, నేను మాట్లాడలేదు.

రోడ్డు మీదకు రాగానే నా వీపు చరిచాడు.

"బలే సేసినావు రా అబ్బోడా! సదువుల్లో పడి మర్సిపోయింటావనుకున్నా. ఆ రొప్పేదాన్ని పట్టుకోని ఎంత పొగిడినావు! ఆ పెద్దాయన గూడా నమ్మేసినాడు."

"నాయినా, నాకు కావాల్సింది అదే."

ఆయన నడక ఆగిపోయింది. "ఏది?"

"ఆ లావుది."

"అయితే యాల పొగిడినావు?"

"మంచిది కాబట్టి పొగిడినా!"

"మంచిదాన్ని ఎవుడన్నా అమ్మేవాని ముందర పొగుడతాడా? నిన్ను సదివిచ్చింది దీనికేనా?"

"ఇది ఎద్దు కాదు నాయినా!"

"ఎద్దు కాకపోతే? అమ్మేవాడు అమ్మేవాడు కాకుండా పోతాడా?"

రోడ్డు పక్కన అరటిపండ్ల బండి దగ్గర నిలబడి మేమిద్దరం ఒకరినొకరు అసహ్యంగా చూసుకున్నాం. ఆయన చెప్పిన ప్రతి ముక్కా ఆయన లెక్కలో సరైనదే. నేను చెప్పిన ప్రతి ముక్కా నా లెక్కలో సరైనదే. మధ్యలో ఆ వెండి రంగు డబ్బా ఉంది. "పోయి మార్సుకుందాం రా" అని ఆయనే వెనక్కి తిరిగాడు. అంగడి మెట్ల దాకా పోయాడు. మెట్ల మీద నిలబడి లోపలికి చూశాడు. యజమాని ఎవరికో తువ్వాలు బేరం సంగతి చేతులతో చూపిస్తూ చెబుతున్నాడు. నాయన తిరిగి వచ్చాడు. "సెయ్యి ఇడిసినా గదరా" అన్నాడు. పుంగనూరు బస్సు ఎక్కేదాకా నా ముఖం చూడలేదు.

కుప్పం హాస్టలు గురించి చెప్పాలంటే, బాత్‌రూముల దగ్గర మొదలుపెట్టాలి. మొదలుపెట్టను. మా గదిలో ఆరని బట్టల వాసన, కిటికీ తీస్తే బండలు కోసే దుమ్ము. ఆ గదిలో మొదటి సాయంత్రం నేను సన్నదాన్ని తెరిచాను. అది రెండు నిమిషాలు బాగా ఆడింది. తరవాత లోపలి వేడిని తోసే దారి లేక, తనను తానే కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. ఆటలో నేను తల తిప్పాలనుకున్న క్షణానికీ, తల తిరిగే క్షణానికీ మధ్య ఒక మనిషి తుమ్మి ముక్కు తుడుచుకోవచ్చు. బొమ్మల నాణ్యత తగ్గిస్తూ పోయాను. మనుషులు అట్టపెట్టెలయ్యారు, చెట్లు మాయమయ్యాయి, గోడలు బురద రంగుకు వచ్చాయి. అయినా కుంటుతూనే ఉంది. అరచేతుల కింద మీటలు కాలి చెమట పట్టేది, ఆ చెమటకు వేళ్ళు జారేవి. ఇంతియాజ్ ముందు దూకేవాడు. వెనక కాచేవాడు లేక, దూకిన ప్రతిసారీ చచ్చేవాడు. అతను ఏమీ అనేవాడు కాదు. "ఇంగొకసారి సూద్దాం" అనేవాడు. ఆ ఓర్పు నాకు తిట్టుకంటే కష్టంగా ఉండేది.

అలా ఉండగా ఒక శనివారం నాయన హాస్టలుకు వచ్చాడు. వేయించిన వేరుశెనగ, ఉప్పు చేపలు, చిన్నమ్మ పంపిన టమాటా ఊరగాయ తెచ్చాడు. ఆ మూడు వాసనలూ ఒకే సంచిలోంచి వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్ళు ముక్కులు పట్టుకున్నారు. అప్పుడే ఇంకొక ఆట ఓడిపోయి ఇంతియాజ్ హెడ్‌ఫోను తీసి మంచం మీద పడేశాడు. నాయనను చూసి లేచి నిలబడి, "కూసోండి మామా" అన్నాడు. తరవాత నావైపు తిరిగి, అణుచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టాడు.

"ఒక మాట అడుగుతా. ఈ దరిద్రాన్ని ఎవురు ఎంచినారు?"

గదిలో వి.కోట, అంటే వెంకటగిరికోట అబ్బాయి ఒకడు ఉన్నాడు, ఇంకా నలుగురున్నారు. నాయన మంచం అంచున కూర్చుని, వేరుశెనగ పొట్లం విప్పుతూ, చేతులు ఆపాడు.

ఆ హాస్టలు గురించి ఒక సంగతి చెబితే నా జవాబు అర్థమవుతుంది. ఒకడి నాన్న మేకను తోలుకుని సంతకు పోతూ, దారిలో కొడుకును చూద్దామని గేటు దాకా వచ్చాడు. ఆ సాయంత్రం నుంచి వాడి పేరు మేక. లెక్చరర్లు కూడా ఒకరిద్దరు అలాగే పిలిచారు. తువ్వాలు సంగతి బయటపడితే ఏమవుతుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. మెస్సులో పళ్ళెం అందుకోబోతే ఎవడో తువ్వాలు చాచి, దాని కింద చెయ్యి పెట్టమంటాడు. లాప్‌టాపుకు చెవి ఆనించి వినే మనిషిని వాళ్ళు నాటకం కట్టి ఆడతారు.

"నేనే" అన్నాను.

"నువ్వా? నాకాడ అన్ని కొలతలు సెప్పి?"

"నాకు నచ్చింది. ఎత్తుకున్నా."

ఇంతియాజ్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నెట్ సెంటర్ కీబోర్డులో గోళ్ళను నేనెలా చూసేవాణ్ణో, అలా చూశాడు. "అయితే సరే" అన్నాడు. ఆ మరుసటి రోజు, "వి.కోట వాడు నా జతకి ఆడతాడంట. ఏమనుకోబాక" అన్నాడు. నేను ఏమీ అనుకోనన్నాను. నాయనను బస్సు ఎక్కించేటప్పుడు ఆయన కిటికీలోంచి అడిగాడు: "యాల అట్ల సెప్పినావు?" ఊరికే అన్నాను. బస్సు కదిలింది. దీన్ని తండ్రి మీది ప్రేమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు ఆ నవ్వు వినడం ఇష్టం లేదు, అంతే. ఆ తరవాత మిగిలిన కాలమంతా పక్క మంచం మీద కూర్చుని వాళ్ళిద్దరి ఆట చప్పుడు విన్నాను. యంత్రాలు ఎందుకు కుంటుతాయో చదవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే, అదే చివరికి నా ఉద్యోగమైంది.

టీ తీసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి నాయన గోడ పట్టుకుని బయటికి వచ్చి, ఇంతియాజ్ పక్కన కూర్చుని ఉన్నాడు. చెయ్యి అతని మోకాలి మీద ఆనించి ఉంది.

"సలహా కోసం వచ్చినా మామా" అంటున్నాడు ఇంతియాజ్. "అయినా భయంగానే ఉండాది. అప్పుడు ఆ సన్నదాన్ని ఎత్తుకున్నోడు గదా మీవాడు."

"వాడు యాడ ఎత్తుకున్నాడప్పా? ఎత్తింది నేను."

నా చేతిలో పళ్ళెం ఆగింది. నాయన నల్లద్దాల వెనకనుంచి నవ్వుతున్నాడు.

"ఈ కత నీకు తెలీదా? పుంగనూరు సంతలో ఎవుర్ని అడిగినా సెప్తారే! వీడు దాన్ని పట్టుకోని పొగడతాండాడు, పొగడతాండాడు. నేను లోపల మురిసిపోతాండా. సిన్నప్పుడు గిత్త మెడ పట్టుకోని ఏడ్సినట్లే సేస్తాండాడు, ఎంత గెట్టోడు నా కొడుకని. ఇంగ తువ్వాలు తీసినా సూడు..." అంటూ పంచె చెరగు చాచి, దాని కింద ఇంతియాజ్ చెయ్యి లాగి, వేళ్ళు పట్టుకుని చూపించాడు. రొప్పడం చూపించాడు. చెవి ఆనించడం చూపించాడు. మెట్ల దాకా పోయి తిరిగి రావడం కూడా చూపించాడు. "ఎద్దుల్ని ఎంచినోన్ని, ఒక పెట్టె దగ్గర కూలబడినా" అన్నాడు. ఇంతియాజ్ చేతిలోకి తీసుకున్న టీ చొక్కా మీద ఒలికింది. అయినా నవ్వు ఆపలేదు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు.

నేను ఇన్నేళ్ళు అడ్డుగా నిలబడి ఆపుతున్న నవ్వు అది. అందులో విషం ఏమీ లేదు. అందరి నవ్వులాగే మామూలుగా ఉంది, కొంచెం ఉమ్మి తుంపర్లతో. నేను ఏ కథను దాచడానికి స్నేహితుణ్ణి వదులుకున్నానో, దాన్ని మా నాయన ప్రతి సంతలోనూ, ప్రతి టీ అంగడిలోనూ తానే చెప్పుకు తిరిగాడు. కుప్పం హాస్టలు ఒక్కటే దాన్ని వినలేదు.

"మరి నేనే అని యాల సెప్పినావప్పా?" అన్నాడు ఇంతియాజ్, నవ్వు తగ్గాక.

"నేను గూడా అడిగినా ఆ పొద్దు" అన్నాడు నాయన. "సెప్పలా."

నేను ఇప్పుడూ చెప్పలేదు. ఇంతియాజ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనేమనుకున్నానో తెల్సునా? షోకు కోసం ఎత్తుకున్నావనుకున్నా. నేను మాట ఇచ్చింటే గూడా, మెరుస్తాండాదని సన్నదాన్ని ఎత్తుకున్నాడే అని... ఆ వి.కోట వానితో ఒక నెల గూడా ఆడలేదు తెల్సునా. ఓడిపోతే బల్ల గుద్దేవాడు. ఆ తర్వాత ఊరికే ఒక్కన్నే ఆడుకుంటాంటి. నువ్వు వింటావని సౌండు మాత్రం పెట్టేవాన్ని."

నాయన అప్పుడు తన కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పశువులను సెల్‌ఫోన్‌లో వీడియో తీసి అమ్ముతున్నారట. కడిగి, నూనె రాసి, మంచి పక్కనే తిప్పి చూపిస్తారట. తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాళ్ళు మిగల్లేదట. "అందరూ అన్నిట్నీ పొగడతాండారప్పా. ఇంగ ఏది మంచిదో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. లాప్‌టాప్ వీడియోల్లో తెల్లటి పళ్ళతో నవ్వుతూ ప్రతి పస్తుల చిప్పునూ ఆకాశానికెత్తే మనుషులు గుర్తొచ్చారు. ఆ సంతలో పొగడ్త అబద్ధమే, కానీ దానికి ఒక నియమం ఉండేది. నియమం తెలిసినవాడికి దానిలోంచి నిజం దొరికేది. ఇప్పటి పొగడ్తలో అది కూడా లేదు. పొగిడేవాడికే తాను దేన్ని పొగుడుతున్నాడో తెలియదు. చిన్నమ్మ బూజు పట్టిన పక్కను కోసి పారేసి మిగిలింది వండేది, ఇందులో ఏ పక్క కోయాలో కూడా కనబడదు. ఆ ఇంటి వాసనను నేను ఎన్నేళ్ళు తిట్టుకున్నానో! కుళ్ళింది కుళ్ళినట్టే వాసన వేసిన కాలం అది.

ఇంతియాజ్ ఫోను మళ్ళీ నా చేతిలో పెట్టాడు. రెండు ఫోటోలనూ పెద్దవి చేసి, డబ్బా అడుగున ఉన్న అక్షరాలు చదివాను. ఒకదానిలో మూడు తరాల కిందటి చిప్పు, కొత్త అంకె. ఇంకొకదానిలో చిప్పు పరవాలేదు గానీ ఒకే ముక్క మెమరీ, రెండో ముక్క పెట్టడానికి చోటు కూడా లేకుండా అతికించేశారు.

"రెండూ దరిద్రమే" అన్నాను. "రెండూ వద్దు. వచ్చే ఆదివారం రా. అంగళ్ళన్నీ తిరిగి నేనే చూస్తాను."

"ఒకటేనా, రెండా?" అన్నాడు, చొక్కా మీది టీ మరకను వేలితో రుద్దుతూ, నావైపు చూడకుండా.

ఇంట్లో పరీక్షకొచ్చిన యంత్రాలు ఐదున్నాయి. వాటిలో ఒక్కటీ నాది కాదు. ఆట అన్నది ఆడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను. వేళ్ళు ఇప్పుడు అంత వేగంగా కదలవు. రాత్రి పదికే నిద్ర వస్తుంది. వద్దనడానికి నా దగ్గర ఇంకా చాలా కారణాలున్నాయి.

"రెండు" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసినందుకు కూడా నాకు కొంచెం రోతగానే ఉంది.